మాస్టారి ఆది కోటు

మా ఆయన పుట్టగానే ఏడవలేదట. నర్సు కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసినా, వీపు మీద చరిచినా కిక్కురుమనలేదట. పక్క మంచం మీద ఇంకెవరి బిడ్డో కేరుమంటే అప్పుడు అందుకున్నాడట, అచ్చం అదే రాగంలో. పెళ్ళైన మూడో రోజున మా అత్తగారు ఈ సంగతి చెప్పి, "నీ మొగుడు ఒట్టి కోతి అమ్మా. ఎవరేం చేస్తే అది చేస్తాడు. నువ్వు కాస్త మంచి పనులే చేస్తూ ఉండు" అంది. నేను కడుపుబ్బ నవ్వాను. అప్పుడు నవ్విన పళ్ళు రాలగొట్టుకోవాలి నేను.

కోతి అన్నది ఆయనకు మొదటి పేరు. తర్వాత చాలా వచ్చాయి. బళ్ళో పక్క కుర్రాడి చేతిరాత నేర్చుకుని, వాడి తప్పులతో సహా పరీక్ష కాగితం మీద దింపేసినందుకు పంతులుగారు 'నకలు' అన్నారు. ఎప్పుడూ ఎవడో ఒకడి వెనకే తిరుగుతాడని వీధిలో పిల్లలు 'తోక' అన్నారు. మా తమ్ముడికి నోటిదురుసు ఎక్కువ. వాడు పెళ్ళి పీటల దగ్గరే నా చెవిలో "అక్కా, బావ జిరాక్సు మిషనే. కరెంటు కూడా అక్కర్లేదు" అన్నాడు. ఇలాంటివాళ్ళకు మన భాషలో ఇన్ని పేర్లెందుకో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. ఇలాంటివాడు ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు, వాణ్ణి చూసి నవ్వితే మిగతావాళ్ళంతా తాము అసలు సరుకని అనుకోవచ్చు.

పద్నాలుగో ఏట ఆయన కోట్లు కుట్టే దుకాణంలో చేరాడు. పొడుగ్గా, ఇరుగ్గా ఉండే దుకాణం. ముందు మూడు రెక్కల అద్దం, మధ్యలో నడుము కన్నా ఎత్తైన కటింగ్ బల్ల, వెనక నాలుగు మిషన్లు. ఆ బల్ల దగ్గర నిలబడే పెద్దాయన్ని ఊరంతా మాస్టారు అనేవారు. చిన్నప్పుడు మెట్ల మీద నుంచి పడి ఆయన ఎడమ భుజం కుడి భుజం కన్నా ఒక వేలెడు కిందికి దిగిపోయింది. నిలబడినా, నడిచినా మనిషి ఎడమవైపు ఒరిగే ఉండేవారు.

మాస్టారి పని తీరు వేరు. కాగితం మీద గీతలు గీసి కోసే అలవాటు లేదు. "గీతలు గీసుకునేవాడు గుమస్తా అవుతాడు గానీ కటింగ్ మాస్టర్ ఎట్లా అవుతాడు?" అనేవారు. తన ఒంటికి తను కుట్టుకున్న కోటొకటి బల్ల వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. అదే ఆయనకు ఆది. జాకెట్టు కుట్టమని ఇచ్చేటప్పుడు మనం కొలతకని పాత జాకెట్టు ఇస్తామే, అట్లాంటిదే. ఎవరి కోటైనా ఆ ఆదిని గుడ్డ మీద పరిచి, లావుపాటి మనిషైతే రెండు వేళ్ళు కలిపి, బక్కపలచని మనిషైతే ఒక వేలు తగ్గించి, సుద్దతో గీసి కోసేసేవారు. తన భుజం ఒంపు ఆ కోట్లలోకీ వచ్చేది. తర్వాత ట్రయల్‌కు పిలిచి, మనిషి ఒంటి మీద గుండుసూదులు గుచ్చి ఎడమ భుజం ఎత్తి సరిచేసేవారు. అందుకని ఎవరికీ తేడా తెలిసేది కాదు. వేసుకున్నవాడు అద్దంలో చూసుకుని మురిసిపోయేవాడు.

మా ఆయన ఆ మనిషిని కళ్ళతో తాగేశాడు. రెండేళ్ళలో కటింగ్ పట్టేశాడు, సరే, సంతోషం. దానితో పాటు మాస్టారి దగ్గూ పట్టుకొచ్చాడు. టేపు చేతికి తీసుకునే ముందు గొంతు సవరించుకుని "ఊఁ... చూద్దాం, చూద్దాం" అనడం మొదలుపెట్టాడు. సుద్దముక్క కుడి చెవి వెనక. బరువంతా ఎడమ కాలి మీద. మాస్టారు కళ్ళజోడు ముక్కు కొసన పెట్టుకుంటారని, గద్ద చూపున్న ఈ మహానుభావుడు ఉత్త అద్దాలు బిగించిన కళ్ళజోడొకటి కొనుక్కున్నాడు! "పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుంది" అని మా అత్తగారు తల బాదుకుంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు కూడా మాస్టారిదే.

నేను కాజాలు కుడతాను. దుకాణంలో కోసి కుట్టిన కోట్లు కాజాలకూ గుండీలకూ మా ఇంటికే వచ్చేవి. ఒకే కోటును గంటసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదానికి దాని గుట్టంతా తెలుస్తుంది. ట్రయల్‌లో భుజం సర్దినా, ఎడమ ముక్క ప్రతిసారీ కాస్త కిందికి జారి ఉండేది. పెళ్ళైన రెండో ఏడు ఉండబట్టలేక అడిగాను.

"ఏమండీ, ఈ ఎడమవైపు ఎప్పుడూ దిగే ఉంటుందేం?"

"మాస్టారి కటింగ్‌కి వంక పెడతావా? నువ్వు?" అన్నాడు. అంతే, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధిలో అందరికీ తెలుసు. కానీ ఆ ఒక్క విషయంలో నోటికి తాళం వేసుకున్నాను. గుండీలు కుట్టేటప్పుడు కంటితోనే ఆ తేడా సర్దేసి, ఏమీ ఎరగనట్టు మడతపెట్టి పంపేదాన్ని. ఇంట్లో శాంతి ముఖ్యమనుకున్నాను. అట్లా ఇరవై రెండేళ్ళు. మా ఆయన చేసింది ఒక తప్పైతే, నేను దానికి ఇస్త్రీ చేశాను.

ఆరేళ్ళ క్రితం మాస్టారు పోయారు. పోయే ముందు మా ఆయన్ని మంచం దగ్గరికి పిలిచి, మేకు మీది కోటు తెప్పించి చేతిలో పెట్టారు. "దుకాణం మావాడికి. ఆది నీకు" అన్నారు. ఆ కోటును ఈయన రెండు చేతుల మీద మోసుకొచ్చి, అలమరలో పై అరలో తెల్లగుడ్డలో చుట్టి పెట్టాడు. కటింగ్ రోజున తీసుకెళ్తాడు, సాయంత్రం తెచ్చి మళ్ళీ చుడతాడు. ఒక్కసారి కూడా ఒంటి మీద వేసుకోలేదు. "అంత పెద్ద మనిషి కోటు నేను వేసుకోవడమేంటే?" అనేవాడు.

దుకాణం దక్కిన కొడుకుకు సూదిలో దారం ఎక్కించడం రాదు. మాట మాత్రం తేనె. వచ్చినవాళ్ళకల్లా మా ఆయన్ని చూపించి "నాన్నగారి చెయ్యేనండీ, మనిషే వేరు" అనేవాడు. కోటు వేసుకున్నవాడు "అబ్బ! అచ్చు గుద్దినట్టు మాస్టారి కోటే!" అనేవాడు. మా ఆయన ముఖం చేటంత అయ్యేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆరేళ్ళుగా ఆ బల్ల దగ్గర నిలబడి మోకాళ్ళు అరగదీసుకుంటున్నవాడి పేరు ఒక్కడికీ తెలియదు. 'మాస్టారి శిష్యుడు', 'మాస్టారి మనిషి', ఇవే. పైన బోర్డు మీద పేరు ఎవరిదో చెప్పక్కర్లేదు కదా.

అందుకే నేను గది చూశాను. రెండు వీధుల అవతల, పుస్తకాలకు అట్టలు కట్టేవాడు ఖాళీ చేసిన ముందు గది. వీధివైపు పెద్ద అద్దం కిటికీ. వచ్చే నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వబోమని ఇంటివాళ్ళు మాటిచ్చారు. కటింగ్ బల్ల కిటికీ పక్కన, మిషన్లు గోడవార, నేను కాజాలు కుట్టుకోవడానికి గుమ్మం దగ్గర ఒక కుర్చీ. అంతా మనసులో సర్దేసుకున్నాను. బోర్డు మీద మా ఆయన పేరు. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు. పేరు చదివి, లోపలికొచ్చి, ఆయన్ని పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడు కావాలి నాకు. నా కోరికంతా అదే.

అదృష్టం మా అమ్మాయి రూపంలో వచ్చిందనుకున్నాను. అది కొత్తగా కట్టిన హోటల్లో రిసెప్షన్‌లో చేరింది. అక్కడ పనివాళ్ళకు నలభై కోట్లు కావాలంటే, ధైర్యంగా మేనేజర్ దగ్గరికెళ్ళి "మా నాన్న కుడతాడు సార్" అని చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు. చిన్నవి, మధ్యవి, పెద్దవి, మూడే సైజులు. మనుషుల్ని ఇంకా తీసుకుంటున్నారు కాబట్టి ట్రయల్స్ లేవు. ఇవి నచ్చితే ఇకమీదట హోటల్ కుట్టుపని మొత్తం మాకే. అంటే గది మాదే, బోర్డు మాదే.

మా ఆయన దుకాణంలో పని మానేస్తానని చెప్పి వచ్చాడు. కొడుకుగారు "సరే" అన్నాడట, అంతే. ఆ 'సరే' నాకు అప్పుడే గుచ్చుకోవాల్సింది.

ఇల్లంతా నీలం గుడ్డ. మంచాలు గోడకు నిలబెట్టి నేల మీదే పరిచాం. మొదటి రోజు పొద్దున ఆయన తెల్లగుడ్డ విప్పి ఆది కోటు బయటికి తీశాడు.

"ఏమండీ, ట్రయల్ లేదు కదా. ఈ ఒక్కసారికి టేపు పట్టి చూసుకోకూడదూ?"

"మళ్ళీ మొదలుపెట్టావా?"

నేను ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. పని మంచి ఊపులో ఉంది, ఆయన ముఖంలో వెలుగుంది, చెడగొట్టడం ఎందుకనుకున్నాను. నేనూ, పక్కింటి వదినా ఐదు వారాలు అద్దెకు తెచ్చిన మిషన్ల మీద నుంచి తల ఎత్తలేదు. నలభై కోట్లు తయారయ్యాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ముచ్చటేసింది.

హోటల్ పెద్ద హాల్లో నలభై మందికీ తొడిగి రెండు వరసల్లో నిలబెట్టారు. నేను తలుపు దగ్గర, అమ్మాయి తన బల్ల వెనక. మా ఆయన కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని, గొంతు సవరించుకుని, ముందు నిలబడ్డాడు. మేనేజర్ పది అడుగులు వెనక్కి వెళ్ళి చూశాడు. తర్వాత పనివాళ్ళ మీద కసిరాడు.

"నిటారుగా నిలబడండయ్యా! ఏంటా ఒరగడం?"

అందరూ సర్దుకుని నిలబడ్డారు. ఏమీ మారలేదు. మనుషులు తిన్నగానే ఉన్నారు, కోట్లే ఒరిగి ఉన్నాయి. నలభై ఎడమ భుజాలు ఒకే లెక్కన, ఒక్క వేలెడు కిందికి. ఒక్కడి మీదైతే ఎవరి కంటా పడేది కాదు. అంతమంది వరసగా నిలబడేసరికి హాలే పక్కకు వంగినట్టు కనిపించింది. కళ్ళు తిరుగుతాయేమోనని నేను తలుపు పట్టుకున్నాను.

"ఏం మాస్టారూ, మావాళ్ళందరికీ ఒకటే జబ్బా?" అన్నాడు మేనేజర్.

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అందరూ మా ఆయన వంక చూశారు. ఆయన బరువు ఎడమ కాలి మీద వేసి, భుజం జార్చి, సరిగ్గా ఆ కోట్ల వాటంలోనే నిలబడి ఉన్నాడు. అంతే, హాలంతా గొల్లుమంది. నవ్వుతున్న కొద్దీ ఆ నలభై భుజాలూ ఎగిరెగిరి పడుతున్నాయి. మా అమ్మాయి తల వంచుకుని ఏదో పుస్తకంలో రాస్తున్నట్టు నటించింది. దాని చెవులు ఎర్రబడ్డాయి. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

మేనేజర్ చెడ్డవాడు కాదు. నవ్వులు ఆగాక మమ్మల్ని పక్కకు పిలిచి, "ఎనిమిది రోజులు టైముంది. కొత్త గుడ్డ ఇప్పిస్తాను. పది కోట్లు తిన్నగా కోసి చూపించండి, మిగతావి తర్వాత చూద్దాం" అన్నాడు. ఇంటికి వచ్చాక మా ఆయన ఆది కోటును నేల మీద పరిచి, ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి, దాని భుజాలకు టేపు పట్టాడు.

"నీకు తెలుసు కదూ?" అన్నాడు.

"తెలుసు."

"మరి..." అని ఆగిపోయాడు. తర్వాత తనే, "అడిగావులే. నేనే విన్లేదు" అన్నాడు.

ఆది కోటు పక్కనపెట్టి, స్కేలు తెచ్చి, పాత పేపర్ల మీద కొలతలన్నీ గీశాం. గుమస్తా పనే, కానీ గీతలు తిన్నగా వచ్చాయి. ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి సుద్దతో గీశాం, అదీ తిన్నగానే వచ్చింది. కత్తెర పట్టాడు. ఎడమ భుజం దగ్గరికి వచ్చేసరికి కత్తెర గీత దాటి కిందికి దిగిపోయింది. ఆయన చూస్తూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను, అయినా దిగిపోయింది. రెండోదీ అంతే. మూడోది కోసేటప్పుడు నేను ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. గీత మీదే వెళ్ళింది గానీ, అంచంతా ఎలుక కొరికినట్టు వచ్చింది. వరసగా మూడు రోజులు అదే భాగోతం. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన కత్తెర కింద పెట్టి, ముక్కల మధ్యనే కూలబడ్డాడు.

"నాది అనే కటింగ్ లేదే నాకు" అన్నాడు.

నా దగ్గర ఒక సామెత సిద్ధంగా ఉంది. హంస నడకలు నేర్వబోయిన కాకి సంగతి. ఇంకో రోజైతే ముఖాన కొట్టినట్టు అనేసేదాన్నే. ఆయనే అందుకున్నాడు.

"కాకి తన నడక మర్చిపోయిందంటారు. నాకు అసలు ముందు ఏ నడక ఉండేదో కూడా గుర్తులేదు."

నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని చీర చెంగుతో ఆయన చేతికంటిన సుద్ద తుడిచాను.

హోటల్‌వాళ్ళు రెడీమేడ్ కోట్లు తెప్పించుకున్నారు. నెలాఖరున ఆ గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు దిగాడు. నేను బల్ల పెట్టాలనుకున్న చోట వాడు అద్దాల పెట్టె పెట్టాడు. ఆ వీధిన వెళ్ళడం మానేశాను.

ఆదివారం పొద్దున కొడుకుగారు మా ఇంటికి వచ్చాడు. మంచి కుర్చీలో కూర్చుని, టీ తాగి, టీ బాగుందన్నాడు. అరుస్తాడని, దెప్పుతాడని ఎదురుచూశాను. అంతకు నాలుగింతలు తిరగ్గొట్టడానికి సిద్ధంగా ఉన్నాను. మనిషి కోపంగానే లేడు.

"మీరు వస్తారని నాకు తెలుసండీ. అందుకే ఇంకొకణ్ణి పెట్టుకోలేదు" అన్నాడు. "ఎక్కడికి పోతారు? ఆ చెయ్యి మీదేం కాదు కదా, నాన్నగారిది."

"ఆ చేతికి ఇరవై నాలుగేళ్ళుగా అన్నం కలిపి పెడుతున్నది నేను" అన్నాను. "మీ నాన్నగారు కాదు."

"అయ్యో, తప్పుగా అనుకోకండి వదినా" అంటూ నవ్వాడు. వదినట! తర్వాత అసలు మాట బయటపెట్టాడు. సోమవారం నుంచి మా ఆయన ముందు అద్దం దగ్గర నిలబడి వచ్చేవాళ్ళను పలకరించాలట. కోటు వేసుకుని. "నాన్నగారి కోటు మీ దగ్గరే ఉందిగా. అది వేసుకోండి. పాతవాళ్ళకి ఆయన్ని చూసినట్టే ఉంటుంది."

మా ఆయన నా వంక చూశాడు, నేల వంక చూశాడు, "ఊఁ... చూద్దాం, చూద్దాం" అన్నాడు. ఆ గొంతు విని కొడుకుగారు తృప్తిగా లేచి వెళ్ళిపోయాడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ రోజు మా పరిస్థితి అది. వెళ్తే ఆ బోర్డు కింద బతకాలి, మానేస్తే ఆయన కోసే కోటు ఇంకెక్కడా చెల్లదు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "వెళ్ళాల్సి వస్తే వెళ్ళండి. కానీ ఆ చచ్చిపోయిన మనిషి కోటు మాత్రం మీ ఒంటి మీదికి రావడానికి వీల్లేదు. హోటల్ గుడ్డ మిగిలింది. మీ కొలతలతో మీకొక కోటు నేను కుడతాను. నేనే కోస్తాను. లేవండి."

ఆయన లేచి నిలబడ్డాడు, చెప్పిన మాట వినే పిల్లాడిలా. ఛాతీ చూశాను. నడుము చూశాను. చేతుల పొడవు చూశాను. కుడి చెయ్యి రాసుకుని, ఎడమ చెయ్యి రాసుకున్నాను. తర్వాత నేల నుంచి భుజం ఎత్తు పట్టాను. కుడివైపు ఒక అంకె. ఎడమవైపు ఇంకో అంకె.

"తిన్నగా నిలబడండి."

"తిన్నగానే ఉన్నానే."

మళ్ళీ పట్టాను. అంతే వచ్చింది. గోడ మీద మా పెళ్ళి ఫోటో దగ్గరికి వెళ్ళి చూశాను. సన్నగా, బిక్కమొహంతో నా పక్కన నిలబడ్డ ఆ పిల్లగాడి భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ఫోటో తప్పు చెప్పదు. ఈయన మెట్ల మీద నుంచి ఎన్నడూ పడలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆ బల్ల దగ్గర మాస్టారిలా నిలబడ్డాడు, అంతే. మొక్కగా వంగినది ఇప్పుడు మానయ్యాక ఎట్లా లేస్తుంది?

"ఎంతొచ్చిందే?" అని అడిగాడు.

"అంతా బాగానే ఉంది" అన్నాను. జీవితంలో అంత పచ్చి అబద్ధం ఆడలేదు. ఆయనకు చెప్పాల్సిన పని కూడా లేదు. టేపు మీద నా బొటనవేలు ఎక్కడుందో ఆయన చూశాడు. చూడకుండా ఎట్లా ఉంటాడు, ఆయన పనే అది.

ఏమీ అనకుండా అలమర దగ్గరికి వెళ్ళి, పై అర నుంచి తెల్లగుడ్డ మూట దించాడు. విప్పాడు. కోటు తీసి ఒక చెయ్యి దూర్చాడు, రెండో చెయ్యి దూర్చాడు, గుండీ పెట్టుకున్నాడు. నేను వద్దనలేకపోయాను. వీపు మీద ఒక్క ముడత లేదు. మెడ దగ్గర ఎత్తు లేదు. రెండు భుజాల మీదా కోటు చక్కగా కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళలో ఆయన ఒంటికి ఇంతలా అమరిన బట్ట నేను చూడలేదు.

ఆయన అద్దంలో ముందు నుంచి చూసుకున్నాడు, పక్క నుంచి చూసుకున్నాడు. ముఖం మీదికి చిన్న నవ్వు వచ్చింది. మాస్టారి నవ్వు కాదు. ఎవరిదో నేను గుర్తుపట్టలేకపోయాను, ఒకవేళ అది ఆయనదేనేమో.

"చూశావా? నాకోసమే కుట్టినట్టు లేదూ?" అన్నాడు.

టేపు చుట్టి డబ్బాలో పెట్టేశాను.